చేతక్ నుంచి ధ్రువ్ దాకా

(మన సంఘం వారి సాయంకాలపు గోష్ఠిలో చదివిన ప్రసంగ పాఠం)



హెలికాప్టరును గురించి మాట్లాడడానికి వీరికేమి అర్హత అని మీలో కొందరు అనుకోవచ్చు. అర్హత ఏమీ లేదు. మేము మెట్రిక్ దాకా చదివి, రైల్వే గూడ్సు ఆఫీసులో కాగితాలు నింపుకుంటూ కాలం గడిపే గుమాస్తాలం. హెలికాప్టరు ఎన్నడూ ఎక్కలేదు, ఎక్కే యోగం జాతకంలో ఉన్నట్లు కూడా లేదు. అయితే కిందటి ఎన్నికలప్పుడు మన చంద్రపూరులో ఒక నాయకుని సభకు హెలికాప్టరు వచ్చి మైదానంలో దిగింది. మీరంతా చూసే ఉంటారు. దుమ్ము లేచి సగం మంది తలపాగాలు ఎగిరిపోయినవి. ఆ దుమ్ములో నిలబడి మా మేనల్లుడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "మామా, దీన్ని మనోళ్ళే చేసిన్రా?" మాకు తెలియదన్నాము. ఆ దిగినది పరాయి దేశపుదని తరువాత విన్నాము. కాని పిల్లవాని ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. దొరికిన పుస్తకాలూ పత్రికలూ కొన్నాళ్ళు చదివి, తెలిసిన నాలుగు ముక్కలూ మీ ముందు పెడుతున్నాము.

దీని వెనుక ఇంటి గొడవ కూడా ఒకటి ఉంది. దాచడమెందుకు? ఆ పిల్లవాడు ఈ ఏడు పది పాసయినాడు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకొని, ఏదైనా పెద్ద కర్మాగారంలో అప్రెంటిసుగా చేరుతానంటాడు. మా బావగారికి అది ఇష్టం లేదు. "ఒకడు గీసిన పటం చూసి ఇంకొకడు మర బిగించడం ఏం విద్య? నీ మామ లాగా కుర్చీలో కూర్చునే పని చూసుకో" అని వారి మాట. మా కుర్చీని చూసి బావగారికి అంత గౌరవం కలగడం మాకు సంతోషమే. కాని మేము ఆ కుర్చీలో కూర్చుని చేసేది ఎత్తిరాతే గదా! ఒక కాగితం మీదిది ఇంకొక కాగితం మీదికి ఎక్కించడమే గదా! బావగారు ఇక్కడే మూడో వరుసలో ఉన్నారు గనుక ఇక ముందుకు పోతాము.

ముందు ఆ యంత్రం ఎట్లా ఎగురుతుందో చూద్దాం. విమానం రెక్కలు కదలవు. విమానమే ముందుకు పరుగెత్తుతుంది, ఆ పరుగుకు రెక్కల చుట్టూ గాలి పారి, పైకి మోసే బలం పుడుతుంది. హెలికాప్టరు నిలబడిన చోటనే ఉండి రెక్కలను పరుగెత్తిస్తుంది. చిన్నప్పుడు మనం తాటాకు చీల్చి, తుమ్మముల్లు గుచ్చి గాలిపంకా చేసుకునేవాళ్ళం. గాలికి అది తిరుగుతుంది. అదే పంకాను బలంగా మనం తిప్పితే అదే గాలిని తోస్తుంది. ఇంత వరకు సులభమే. చిక్కు ఎక్కడంటే, పైన పంకా ఒక వైపుకు తిరిగితే కింద పెట్టె రెండో వైపుకు తిరగబోతుంది. దానిని ఆపడానికే తోక చివర చిన్న పంకా. ఇక ముందుకు పోవాలన్నా, పక్కకు ఒరగాలన్నా, తిరుగుతున్న ప్రతి రెక్కా ఒక్కొక్క చుట్టులో తన వాలును మార్చుకోవాలి, వెనక్కి వచ్చినప్పుడు ఎక్కువ, ముందుకు పోయినప్పుడు తక్కువ. నిమిషానికి మూడువందల చుట్లు పైచిలుకు తిరిగే రెక్కకు ఈ సంగతి చెప్పేది ఒకదానిపై ఒకటి బోర్లించిన పళ్ళేల వంటి రెండు చక్రాలు. కింది పళ్ళెం తిరగదు, పైది తిరుగుతుంది. చోదకుడు కర్రను వంచితే కింది పళ్ళెం వంగుతుంది, దానితో పైది వంగుతుంది, దానితో రెక్క వాలు మారుతుంది. దీనిని స్వాష్ ప్లేటు అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంజను ఆగిపోతే రాయిలాగా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. మేమూ అనుకున్నాము. అట్లా కాదు. చోదకుడు వెంటనే రెక్కల వాలు తగ్గిస్తే, దిగుతున్నప్పుడు కింది నుంచి పైకి వచ్చే గాలే పంకాను తిప్పుతూ ఉంటుంది. తాటాకు పంకా కథే మళ్ళీ. ఆ తిరుగుడుతో మెల్లగా దిగవచ్చు.

రష్యా నుంచి అమెరికాకు వలస పోయిన ఇగోర్ సికోర్‌స్కీ అనే ఆయన ఒకే పెద్ద పంకా, తోకకు చిన్న పంకా అనే ఏర్పాటుతో 1939 సెప్టెంబరులో తన యంత్రాన్ని తాళ్ళు కట్టి నేల నుంచి లేపాడు. ఫ్రాన్సు వారు 1955లో 'ఆలూయెట్ రెండు' అనే దానిని ఎగరేశారు. పిస్టను ఇంజను బదులు టర్బైను ఇంజను పెట్టి కర్మాగారంలో వరుసగా తయారుచేసిన మొదటి హెలికాప్టరు అదే. ఆలూయెట్ అంటే పాడుతూ నిటారుగా పైకి లేచే ఒక చిన్న పిట్ట. 1959 ఫిబ్రవరిలో దాని తమ్ముడు 'ఆలూయెట్ మూడు' ఎగిరింది. చోదకునితో కలిపి ఏడుగురు కూర్చోవచ్చు.

ఇక మనవారి సంగతి. ఇది మన పొరుగు వారి కథ కూడా. సోలాపూరులో పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు సంస్థానం వారితో కలిసి 1940 డిసెంబరులో బెంగుళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ పెట్టారు. మన నేత కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఆ సోలాపూరే. మరుసటి సంవత్సరమే అమెరికా నుంచి తెచ్చిన భాగాలు బిగించి ఒక విమానం ఎగరేశారు. యుద్ధకాలమంతా విమానాల మరమ్మత్తు. యుద్ధం ముగిశాక అంత పని లేదు. అప్పుడు ఆ కర్మాగారం ఏం చేసిందో తెలుసునా? రైలు పెట్టెలు చేసింది! విమానం రేకు వంచిన చేతులే మన మూడో తరగతి పెట్టెల ఉక్కురేకు వంచినవి. రైల్వేవాళ్ళం గనుక ఈ ముక్క చదివినప్పుడు మాకు కలిగిన ఆనందం చెప్పలేము. 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ ఏర్పడినప్పుడు ఆ పెట్టెల విభాగం అటు పోయింది. అదే సంవత్సరం విమానాల కంపెనీ ఇంకొక కంపెనీతో కలిసి, హిందుస్తాన్ ఏరోనాటిక్స్ అనే ఇప్పటి పేరు పొందింది.

సొంతంగా గీసి చేసే శక్తి వారికి మొదట లేకపోలేదు. కొల్హాపూరు సీమ నుంచి జర్మనీ పోయి చదివి వచ్చిన డాక్టరు ఘాటగే గారు రూపొందించిన హెచ్.టి. 2 అనే శిక్షణ విమానం 1951 ఆగస్టులోనే ఎగిరింది. కాని హెలికాప్టరు వేరే విద్య. మన వాయుసేనకు మొదటి హెలికాప్టర్లు 1954లో అమెరికా నుంచి వచ్చినవి, సికోర్‌స్కీ వారివే. కొండల మీద కాపలా ఉన్న సైనికులకు బియ్యం, మందులు చేర్చడానికి దారులు లేవు. గాయపడిన వాణ్ణి దించడానికి రోజులు పట్టేది. అందుచేత 1962లో ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకొని, ఆలూయెట్ మూడును బెంగుళూరులో తయారుచేయడానికి అనుమతి తీసుకున్నారు. రాణా ప్రతాప్ గుర్రం పేరు దానికి పెట్టారు, చేతక్ అని. 1965లో మొదటిది బయటికి వచ్చింది.

బయటికి వచ్చింది అంటే ఎట్లా వచ్చింది? ఇక్కడే బావగారి మాట నిజం. మొదట ఫ్రాన్సు నుంచి పెట్టెల్లో భాగాలు వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. తరువాత చిన్న చిన్న భాగాలు ఇక్కడ చేశారు. ఆపైన పెద్దవి. చివరకు ముడి లోహం దిమ్మ తెచ్చుకొని దానిలో నుంచి భాగాలు చెక్కే దశకు వచ్చారు. ఆర్టూస్ట్ అనే ఇంజను కూడా బెంగుళూరులోనే చేశారు. ప్రతి దశకూ సంవత్సరాలు పట్టింది. ఎందుకంటే పటంలో ఉన్నది కొలత మాత్రమే. లోహాన్ని ఎంత కాచాలి, ఎంత నిదానంగా చల్లార్చాలి, మరను ఎంత బిగించాలి, ఎక్కడ ఆపాలి అన్నవి పటం చూసినంత మాత్రాన చేతికి రావు. చెడగొట్టి నేర్చుకోవాలి. మన ఇళ్ళలో ఆవకాయ కొలతలు అందరికీ తెలుసు, అందరి ఆవకాయా ఒకటేనా?

ఎత్తిరాత తేలికని ఎవరన్నా మేము ఒప్పుకోము. మన వ్యాగనుకు పదకొండు అంకెల నంబరు ఉంటుంది. అందులో చివరి అంకె, మిగతా పదీ సరిగా ఉన్నవో లేవో లెక్క కట్టి చెప్పే అంకె. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము రెండు అంకెలు అటుదిటు చేసి, చివరి అంకెను సరిచూడకుండానే కాగితం పంపించాము. సిమెంటు వ్యాగను ఒకటి రెండు రోజులు ఎవరికీ దొరకలేదు. సరుకుదారుడు వచ్చి మా బల్ల ముందు నిలబడి ఏమీ అనలేదు. ఊరికే నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. వ్యాగను కాబట్టి రెండు రోజులకు దొరికింది. ఆకాశంలో ఉన్న యంత్రంలో ఒక అంకె తప్పయితే వెతుక్కోవడానికి వ్యవధి ఎక్కడిది?

చేతక్ తరువాత చీతా. దీని కథ మరీ రుచికరం. మన సైన్యానికి చేతక్ కంటే ఎత్తుకు పోయే యంత్రం కావలసి వచ్చింది. 1968లో మనవారు అడిగితే, ఫ్రాన్సు వారు ఆలూయెట్ రెండు ఒంటికి ఆలూయెట్ మూడు ఇంజనూ రెక్కలూ తగిలించారు. తేలిక ఒళ్ళు, బలమైన గుండె. 1969 మార్చిలో అది ఎగిరింది. దానిని అక్కడ లామా అన్నారు, ఇక్కడ చీతా అన్నాము. అంటే చేసింది వారైనా అడిగింది మనం. ఎత్తిరాసేవాడు కాగితంలో ఒక వరుస తన కోసం మార్పించుకున్నాడన్నమాట. 1970లో దీనిని కూడా ఇక్కడ చేయడానికి ఒప్పందం అయింది.

ఎత్తు అంటే ఏమి కష్టమో చెప్పాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కకు పట్టు దొరకదు, ఇంజనుకు ఊపిరి ఆడదు. అందుకని 870 గుర్రాల బలం గల ఇంజనును కింద 550, 570 గుర్రాలకే కట్టిపెట్టారు. పైకి పోయినప్పుడు బలం తగ్గినా, తగ్గడానికి మిగులు ఉంటుంది. ఇటార్సీ దారిలో ఘాటు ఎక్కేటప్పుడు బండి వెనుక ఇంకొక ఇంజను తగిలిస్తారు చూడండి, అట్లా ఘాటు కోసం బలం దాచి ఉంచుకోవడం. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి చోదకుడు లామాలో 12,442 మీటర్ల ఎత్తుకు పోయాడు. అక్కడ ఇంజను ఆరిపోయింది. మళ్ళీ రగులుకోలేదు. ఇందాక చెప్పిన తాటాకు పంకా పద్ధతిలోనే, ఇంజను లేకుండా నేల దాకా దిగి వచ్చాడు.

1984 ఏప్రిల్ 13న మన సైనికులు సియాచిన్ కనుమలకు చేరినప్పుడు వారిని మోసింది చీతాలే. అప్పటి నుంచి ఇరవై వేల అడుగుల పైన ఉన్న కాపలా చోట్లకు కిరసనాయిలు డబ్బాలూ ఉత్తరాలూ అవే చేర్చినవి, మంచు కరిచి వేళ్ళు నల్లబడిన పిల్లలను అవే దించినవి. ఒక్కొక్క ప్రయాణంలో మోసేది ఏ పాతిక ముప్పై కిలోలో కావచ్చు. దిగే చోటు మన ఈ వేదిక అంత ఉంటుంది. చేతక్‌లు మూడువందలకు పైగా బెంగుళూరులో తయారైనవి. మన హైదరాబాదు పక్కన హకీంపేటలో వాయుసేన వారు హెలికాప్టరు నడపడం నేర్పింది చేతక్ మీదనే. ఫ్రాన్సులో ఆలూయెట్ మూడు తయారీ 1985లో ఆగిపోయింది. ఇక్కడ ఆ తరువాత కూడా సాగింది.

సాగడాన్ని చూసి గర్వపడవలెనా అన్నది మాకు అంతుబట్టని చోటు. గురువు పలక తుడిచేసి కొత్త పాఠం మొదలుపెడితే, శిష్యుడు పాత పాఠమే దిద్దుతూ కూర్చోవడం మంచిదా? మొదటి చేతక్ 1965. సొంత హెలికాప్టరు రూపకల్పనకు జర్మనీ వారి సలహాతో పని మొదలైంది 1984. అది మొదటిసారి ఎగిరింది 1992 ఆగస్టు 20. సైన్యం చేతికి వచ్చింది 2002. ముప్పై ఏడు ఏళ్ళు! ఆనాడు చేరిన అప్రెంటిసు దాదాపు పెన్షను తీసుకునే వేళకు గాని సొంత యంత్రం సైన్యానికి చేరలేదు. ఆలస్యంలో అంతా మనవారి తప్పే అనలేము. 1998లో పోఖ్రాన్ పరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు పెట్టింది. దీనికోసం ఎంచుకున్న అమెరికా ఇంజను రాకుండా పోయింది. ఫ్రాన్సు ఇంజనుతో సరిపెట్టుకొని, తరువాత ఆ ఫ్రెంచి కంపెనీతో కలిసి 'శక్తి' అనే ఇంజను చేసుకున్నారు. పటం మనదైనా ఇంజను పరాయిదైతే తాళంచెవి పరాయివాని మొలలో ఉన్నట్లే.

ఆ సొంత హెలికాప్టరు పేరు ధ్రువ్. రెండు ఇంజన్లు, నాలుగు రెక్కలు, అయిదున్నర టన్నుల బరువు. చేతక్ రెక్క మొదట్లో మడత బందుల వంటి కీళ్ళుంటవి. ధ్రువ్ రెక్కకు ఆ కీలు లేదు. గాజునార, కార్బను నార జిగురుతో పోసిన రెక్క తానే వంగుతుంది. బందు లేని తలుపు వంటిది. ఎక్కడిదీ ఎత్తిరాసినది కాదు. అయినా, చేతక్ దిమ్మలు చెక్కిన బల్లల దగ్గర పెరిగిన కర్మాగారం కాకపోతే ఆ పటాన్ని లోహంలోకి దింపే చేతులు ఎక్కడి నుంచి వచ్చేవి? బావగారు దీనికి జవాబు చెప్పాలి.

మెచ్చుకోవడమే పనిగా పెట్టుకోలేదు, లోపాలు కూడా చెబుతాము. ఈక్వెడార్ దేశం ఏడు ధ్రువ్‌లు కొన్నది. నాలుగు కూలిపోయినవి, 2015లో ఒప్పందం రద్దు చేసుకున్నారు. ఆ 2015లోనే సైనికాధికారుల భార్యలు కొందరు రక్షణమంత్రిని కలిసి, పాతబడిన చేతక్, చీతాలను ఇక పక్కన పెట్టమని వేడుకున్నారు. భర్త ఎక్కే యంత్రం వయస్సు తన మామగారి వయస్సంత అయితే ఏ ఇల్లాలికి నిద్ర పడుతుంది? వాటి స్థానంలో రావలసిన తేలికపాటి సొంత హెలికాప్టరు 2016 సెప్టెంబరులో ఎగిరింది. దానికోసం తుమకూరు దగ్గర కొత్త కర్మాగారం 2023 ఫిబ్రవరిలో తెరిచారు. 2025 నాటికి కూడా పాతవి ఎగురుతూనే ఉన్నవి. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీరరక్షక దళం వారి ధ్రువ్ కూలి ముగ్గురు మరణించారు. విరిగినది స్వాష్ ప్లేటని కనుగొన్నారు. ఇందాక గుర్తుంచుకోమన్న పళ్ళేలు అవే. దేశంలోని ధ్రువ్‌లన్నీ నెలల తరబడి నేల మీదనే నిలిచిపోయినవి. అంత ఆకాశమూ ఆ పళ్ళెం మీద ఆధారపడి ఉంది. ఆ పళ్ళేన్ని చెక్కేవాడు ఫిట్టరు, మెషీనిస్టు.

మన వైపు ఒక్క సంగతి. 2022 జూలైలో గోదావరి పొంగింది. భద్రాచలంలో 71 అడుగులు దాటింది. ఇక్కడ మన వార్ధా కూడా ఊరుకోలేదు, మీకు తెలుసు. అప్పుడు సిరొంచకు ఇవతలి ఒడ్డున, చెన్నూరు దగ్గర సోమనపల్లిలో ఇద్దరు మనుషులు నీళ్ళ ట్యాంకు ఎక్కి చిక్కుకుపోయారు. చుట్టూ సముద్రం. పడవ పోలేదు. వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని పైకి లాక్కున్నది. మాకు చెన్నూరులో చుట్టాలున్నారు. ఆ పూట ఇంట్లో ఎవరమూ అన్నం సరిగా తినలేదు, టీవీ ముందు నుంచి లేవలేదు. తాడు పట్టుకొని ఆ మనిషి పైకి పోతున్నప్పుడు మా అక్క చేతులు జోడించింది. తిరుగుతున్న రెక్కలకే దండం పెట్టినట్లున్నది.

హైదరాబాదు పక్కన ఆదిభట్లలో టాటావారు సికోర్‌స్కీ హెలికాప్టర్లకు గదులు చేశారు, ఇప్పుడు బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్లకు ఒళ్ళు తయారుచేస్తున్నారు. మన కరీంనగర్, ఆదిలాబాదు పిల్లలు అక్కడ బల్లల ముందు నిలబడి రివెట్లు కొడుతున్నారు. పటాలు మళ్ళీ పరాయివే. బెంగుళూరు 1965లో ఉన్న మెట్టు మీద ఆదిభట్ల ఇప్పుడున్నది. ఈసారి ముప్పై ఏడు ఏళ్ళు పట్టకుండా చూసుకోవలసినది యజమానులూ ప్రభుత్వమూ. ఎత్తిరాత బాగా రావాలి, అది మొదటి మాట. ఎత్తిరాతలోనే సుఖం చూసుకొని అక్కడే కూర్చోవడం మాత్రం దోషం. ఆ దోషం మాలో ఉందని ఒప్పుకుంటున్నాము. పదకొండు అంకెలు తప్పు లేకుండా రాయడం వచ్చిన తరువాత మేము ఇంకేమీ నేర్చుకోలేదు. పిల్లవానికి కుర్చీ కావాలనే బావగారు ఈ ముక్క కూడా వినాలి.

మేనల్లుడి దరఖాస్తు మొన్న రాత్రి మేమే కూర్చుని నింపాము. ఏ పని నేర్చుకోదలచావు అన్న చోట ఫిట్టరు అని వాడే రాసుకున్నాడు, అక్షరాలు కొంచెం పెద్దవిగా. అంకెలున్న చోట్లన్నీ మేము రెండుసార్లు సరిచూశాము. తండ్రి సమ్మతి అని ఉన్న చోట సంతకం ఇంకా కాలేదు. కాగితం మా జేబులోనే ఉంది, కలం కూడా ఉంది. సభ ముగిశాక మూడో వరుస దగ్గరికి వస్తాము.